స్థూలకాయమునకు శస్త్రచికిత్స

స్థూలకాయము కేవలము సోమరితనము వలన వచ్చునని పలువురు తలంతురు. అది సరికాదు. వంశలక్షణము, ఆహారము, నిద్రలేమి, కొన్ని మందులు కూడ దానికి కారణములు. కనుక లావైన సహపాఠిని ఎగతాళి చేయుట తగదు. పథ్యము, వ్యాయామము, మందులు చాలక, మధుమేహాది వ్యాధులు ముదిరినప్పుడు వైద్యులు కొందరికి శస్త్రచికిత్సను సూచింతురు.

1954లో అమెరికా వైద్యులు చిన్నప్రేగులో అధికభాగమునకు ఆహారము తగులకుండ మళ్ళించు పద్ధతిని ప్రకటించిరి. బరువు తగ్గెను, కాని పలువురికి కాలేయము చెడెను, మూత్రపిండములలో రాళ్ళేర్పడెను. తుదకు దానిని విడిచిరి. 1966లో ఎడ్వర్డ్ మేసన్ ఆరంభించిన పద్ధతియే నేటి బైపాస్‌కు మూలము. ఇందు జీర్ణకోశము పైభాగమును చిన్నసంచిగా వేరుచేసి ప్రేగునకు కలుపుదురు. స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశమున సుమారు నాలుగింట మూడు వంతులు కోసి తీసివేయుదురు. దానిని మరల అమర్చుట సాధ్యము కాదు.

ఈ చికిత్సవలన పలువురికి మధుమేహము అదుపులోనికి వచ్చును. అయినను కుట్లవద్ద స్రావము, రక్తనాళములలో గడ్డలు మున్నగు అపాయములు అరుదుగానైనను కలుగవచ్చును. పిదప ఇనుము, కాల్షియము, బి12 విటమిను లోపింపకుండ జీవితాంతము మాత్రలు, రక్తపరీక్షలు అవసరము. ఆహారనియమము తప్పినచో బరువు మరల పెరుగవచ్చును. కత్తి పని కొన్ని గంటలు, నియమము జీవితాంతము.

ఇంటిలో ఎవరికైన ఈ చికిత్స సూచించినచో, అంగీకారపత్రము ఏ భాషలోనున్నను, అందలి ప్రతి విషయమును తెలుగున చెప్పించుకొని, గ్రహించిన పిదపనే సంతకము చేయవలెను.