డ్రైవర్ లేని కారు వస్తే ట్రాఫిక్ తగ్గుతుందా? నేనెందుకు మాట మార్చానంటే…

సెల్ఫ్ డ్రైవింగ్ కార్లు వస్తే ట్రాఫిక్ జామ్‌లు పోతాయని నేను కూడా చాలాకాలం నమ్మాను. లాజిక్ సింపుల్. ముందున్నవాడు ఊరికే బ్రేక్ కొడతాడు, వెనకవాడు ఇంకా గట్టిగా కొడతాడు, అలా పాకుతూ పోయి ఎక్కడో వెనక బండ్లన్నీ ఆగిపోతాయి. కంప్యూటర్‌కి ఈ కంగారు ఉండదు. ఇది నిజమే కూడా. అమెరికాలోని అరిజోనాలో గుండ్రటి ట్రాక్ మీద 20కి పైగా కార్లు తిప్పి చూశారు. వాటిలో ఒక్క కారు స్పీడ్‌ని కంప్యూటర్‌కి అప్పగిస్తే చాలు, ఆగి ఆగి కదలడం బాగా తగ్గింది.

అయితే ఇక్కడ కార్ల సంఖ్య మారలేదు. అసలు మెలిక అక్కడే ఉంది ఫ్రెండ్స్.

2018లో బర్క్‌లీ పరిశోధకులు ఒక స్టడీ పబ్లిష్ చేశారు. జనానికి ఇవ్వడానికి సెల్ఫ్ డ్రైవింగ్ కార్లు లేవు కాబట్టి తెలివిగా డ్రైవర్లనే ఇచ్చారు! శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 13 మందికి, వారంలో 60 గంటల పాటు, ఫ్రీగా. ఓనర్ లేకుండా కారుని ఒంటరిగా పనుల మీద పంపొచ్చు కూడా. వాళ్ల కార్లు తిరిగిన దూరం మొత్తం మీద 83 శాతం పెరిగింది. దూరపు ట్రిప్పులు, సాయంత్రం 6 తర్వాత ట్రిప్పులు బాగా ఎక్కువయ్యాయి. కొన్ని ట్రిప్పుల్లో ఓనర్లు కారులోనే లేరు.

13 మందే, అదీ ఫ్రీ సర్వీస్. అందుకే 83 అన్న నంబర్‌ని నేను పట్టుకోను. కానీ ఎందుకు పెరిగిందో అర్థమవుతోంది కదా? ప్రయాణానికి మనం పెట్టే ఖర్చు పెట్రోల్ ఒక్కటే కాదు, అలసట కూడా. వెనక సీట్లో పడుకుని సిరీస్ చూసుకుంటూ వెళ్లొచ్చు అంటే వాయిదా వేసిన ట్రిప్పులన్నీ బయటికొస్తాయి. హైదరాబాద్‌లో డ్రైవర్‌ని పెట్టుకున్న ఇళ్లని గమనించండి. నాన్నగారిని ఆఫీసులో దింపి, కారు ఖాళీగా ఇంటికొచ్చి, పిల్లల్ని స్కూల్‌కి తీసుకెళ్తుంది. ఆ ఖాళీ ట్రిప్ కూడా రోడ్డు మీద అంతే చోటు తింటుంది.

పార్కింగ్ సంగతి ఇంకా విచిత్రం. ఆడమ్ మిలార్డ్-బాల్ అనే పరిశోధకుడు 2019లో లెక్కగట్టాడు: డ్రైవర్ లేని కారు మెల్లగా తిరుగుతూ ఉంటే గంటకి అర డాలర్ దాకా ఖర్చు. శాన్‌ఫ్రాన్సిస్కో డౌన్‌టౌన్‌లో పార్కింగ్ ఫీజు అంతకంటే చాలా ఎక్కువ. మరి కారు ఆగడం ఎందుకు, తిరుగుతూనే ఉంటుంది! పైగా ఎంత నెమ్మదిగా వెళ్తే అంత ఆదా. అంటే ట్రాఫిక్ జామ్ ఆ కారుకి లాభమే.

దీనికి ఆయన చెప్పిన మందు కంజెషన్ ఛార్జ్, అంటే రద్దీ రోడ్లని వాడుకున్నందుకు డబ్బు కట్టించడం. నేను చూసిన లాంచ్ ఈవెంట్లలో రేంజ్, సెన్సర్లు, స్క్రీన్ సైజ్ అన్నీ చెప్పారు. ఖాళీ కారు తిరిగితే కిలోమీటరుకి ఎంత పడుతుందో మాత్రం ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.