అంగీ మెడయొద్ద చీటీ

వాక్యపాఠము: ద్వితీయోపదేశకాండము 22:8, 24:14, 15. సామెతలు 11:1. అపొస్తలుల కార్యములు 9:36–41, 16:14. యాకోబు 5:4.



యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రందరు పేతురునెదుట నిలిచి, ఏడ్చుచు, ఆమె తమకు కుట్టి యిచ్చిన అంగీలను, వస్త్రములను చూపించిరి. ఈ భాగమును చదివినప్పుడు బోధకులమైన మేము దొర్కా ధర్మకార్యములను గూర్చి చెప్పి ముగింతుము. ఈ నెల ఆ వస్త్రములనే కొంచెము దగ్గరగా చూడుదము. ఏ అంగీని ఎవరు కుట్టిరో యొప్పేలోని ఆ స్త్రీలకు తెలియును. కుట్టిన చేయి చల్లబడగా, ధరించినవారు కన్నీరు విడిచిరి. నేడు మన వంటిమీద నున్న అంగీని కుట్టినది ఎవరు? ఆ మనిషి బ్రదికియున్నదో చనిపోయినదో మనకు తెలియునా?

అంగీ లోపల మెడయొద్ద ఒక చిన్న చీటీ కుట్టబడి యుండును. లేబులందురు. దానిమీద కంపెనీ పేరు, కొలత, ఉదుకు విధము వ్రాయబడును; ఏ దేశములో తయారైనదో ఒక మూలను కనబడును. కుట్టినవారి పేరుండదు. వారికి ముట్టిన కూలి యుండదు. పత్తి పండిన ఊరుండదు. ఆ పత్తి మనదే కావచ్చును.

మన ఆసిఫాబాదు నల్లరేగడి చేలలో దసరా దాటినది మొదలు పత్తి ఏరుట సాగును. మన సంఘములలోని స్త్రీలు అనేకులు నడుమునకు ఒడి కట్టుకొని కిలో లెక్కను ఏరుచున్నారు. ఆ పత్తి జిన్నింగు మిల్లునకు పోవును. అచ్చట గింజ తీసిన దూదిని యంత్రముతో అదిమి, ఒక్కొక్కటి సుమారు 170 కిలోల బేళ్లుగా కట్టుదురు. లారీ కదిలిన పిమ్మట దాని సంగతి మనకు తెలియదు. మన దేశమందలి నూలు మిల్లులలో విశేషభాగము తమిళనాడులో నున్నవి. అచ్చటి తిరుప్పూరులో టీషర్టులు, బనియన్లు తయారై దేశదేశములకు పోవుచున్నవి.

ఆ తమిళనాడు మిల్లులు కొన్నిటిలో సుమంగళి అను పేరుతో ఒక ఏర్పాటు నడచెను. పేద యిండ్ల బాలికలను, వారిలో అనేకులు దళితుల పిల్లలే, మిల్లు వసతిగృహములో నుంచి మూడు సంవత్సరములు పని చేయించుకొని, కడపట పెండ్లి ఖర్చునకు కొంత మొత్తమిత్తుమని తలిదండ్రులతో చెప్పెడివారు. నడుమ జబ్బుపడి యింటికి వెళ్లిన పిల్లకు ఆ మొత్తము దక్కకపోవుట కద్దు. 2011లో నెదర్లాండ్సు దేశపు సంస్థలు దీనిపై నివేదిక ప్రచురింపగా, ఆ బట్ట కొను పెద్ద కంపెనీలకు జవాబు చెప్పవలసి వచ్చినది. మోషే ధర్మశాస్త్రము దీనులైన కూలివారి జీతమును సూర్యాస్తమయము దాటనియ్యదు. వాడు దానిమీదనే ఆశ పెట్టుకొని యున్నాడని కారణము కూడ చెప్పుచున్నది. ఇచ్చట మూడు సంవత్సరముల సూర్యాస్తమయములు గడచిపోయెను. పేరు మాత్రము సుమంగళి!

ఇంతకంటె ఘోరమైనది బంగ్లాదేశములో జరిగెను. ఢాకా నగరమునకు సమీపమందలి సావారులో రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల కట్టడము 2013 ఏప్రిల్ 24వ తేదీని కూలి 1,134 మంది చనిపోయిరి. క్రిందటి దినముననే గోడలలో బీటలు కనబడెను. క్రింది అంతస్తునందలి బ్యాంకువారు తమ ఉద్యోగులను ఇంటికి పంపివేసిరి. పై అంతస్తులలో బట్టలు కుట్టువారిని మాత్రము మరునాడు పనికి రమ్మనిరి. వారిలో అధికులు యౌవన స్త్రీలు. శిథిలములలో యూరపు, అమెరికా కంపెనీల చీటీలు దొరికినవి. క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పునకు పిట్టగోడ కట్టవలెననియు, కట్టకపోగా ఎవడైన పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చుననియు ద్వితీయోపదేశకాండము 22:8 బోధించుచున్నది. పడినవాడు అజాగ్రత్తగా నడచెనని యింటివాడు తప్పించుకొన వల్లపడదు. అటులనే, కుట్టించినది మేము కాము, గుత్తదారుడని చెప్పుట ఆ కంపెనీలకు చెల్లలేదు. ఆ యేడే ఇంగ్లండులో ఫ్యాషన్ రివల్యూషన్ అను ఉద్యమము పుట్టి, నా బట్టలు ఎవరు కుట్టిరని కంపెనీలను అడుగుడని జనులకు నేర్పినది. యొప్పే విధవరాండ్రు ఆ ప్రశ్న అడుగ నక్కరలేకపోయెను.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు కొందరున్నారు. వీరివి చిన్న సంస్థలు. తమ చీటీతో తామే బట్ట అమ్ముదురు, ఎక్కువ రకములుండవు, పత్తి ఎవరిది, నేత ఎక్కడ, కుట్టు ఎవరు అని అడిగినచో చెప్పుదురు. పనిని దూరదేశములో చవుకగా చేయించుటకు బదులు దగ్గరనే నిలుపుకొందురు.

మన జిల్లా సంగతియే మొదట చెప్పెదను. 2004లో చేతనా ఆర్గానిక్ అను కార్యక్రమము మన ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోను, మరికొన్ని ప్రాంతములలోను చిన్న రైతులతో ఆరంభమైనది. అందులో గిరిజనులు అనేకులు. రసాయనపు ఎరువులు, పురుగుమందులు లేక పత్తి పండించుట, రైతులు సంఘములుగా కూడి అమ్ముకొనుట దాని పద్ధతి. న్యాయవాణిజ్యపు ముద్ర గల పత్తికి ధర ఒక హద్దు క్రిందికి దిగదు. ఊరి పనులకై పైన కొంత సొమ్ము వచ్చును. అమెరికాలో కంప్యూటరు ఉద్యోగము చేసిన అపూర్వ కొఠారి అను ఆయన రైతుల ఆత్మహత్యలను గూర్చి చదివి, స్వదేశమునకు వచ్చి, 2011లో నో నాస్టీస్ అను చిన్న బట్టల లేబులును స్థాపించెను. అది గోవాలో నున్నది. ఆయన చేతనా రైతుల పత్తిని తీసికొని, బట్టలన్నియు మన దేశములోనే కుట్టించెను. గోవా సముద్రతీరమున నడచు మనిషి అంగీలో ఆదిలాబాదు చేని దూది యుండవచ్చునన్నమాట.

చెన్నూరు సంగతి మనకు ఇంకను దగ్గరిది. గోదావరి చెంతనున్న ఆ ఊరు ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో నున్నది. దస్తకార్ ఆంధ్ర సంస్థవారు 1990ల్లో అచ్చటి నేతగాండ్లతో కూడి, చెట్టు చేమల రంగులతో నూలు అద్దు పనిని మరల నిలబెట్టిరి. నీలిమందు నుండి నీలము, దానిమ్మ తొక్క నుండి పసుపు వచ్చును. రంగు పట్టుటకు కరక్కాయ కావలెను, అది మన అడవులలో రాలునదే. మన స్త్రీలు ఏరి అమ్ము కరక్కాయ విలువ మనకు తెలియదు. ఫిలిప్పీలో మొదట విశ్వసించిన లూదియ ఊదారంగు వర్తకురాలు గదా. ఆమె స్వస్థలమైన తుయతైరలో రంగు అద్దువారికి సంఘములుండెనని అచ్చట దొరికిన శాసనములు తెలుపుచున్నవి. ఈ పని నీచమైనదని మనలో ఎవరైన తలంచినయెడల ఆమెను జ్ఞాపకము చేసికొనవలెను.

దస్తకార్ ఆంధ్రలో పనిచేసిన ఉజ్రమ్మగారు తరువాత మల్కా అను బట్టను ఆరంభించిరి. మల్మల్, ఖాదీ అను రెండు మాటలు కలిసి ఆ పేరైనది. ఆమె గ్రహించిన సంగతి మిక్కిలి సులభమైనది. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు ఓడలమీద పంపుటకొరకే తెల్లవారు మన పత్తిని గట్టి బేళ్లుగా అదిమిరి. ఓడలు పోయినను అదుముట పోలేదు! చేని ప్రక్కననే మిల్లు ఉన్నను, దూదిని రాయివలె అదిమి, మరల యంత్రముతో కొట్టి విడదీయుదురు. అందువలన దూది తన సహజమైన సాగును, మెత్తదనమును పోగొట్టుకొనును. మల్కావారు బేలు కట్టకయే పత్తి పండు చోటునకు దగ్గర చిన్న యంత్రములతో నూలు వడికి, చేమగ్గముమీద నేయించి, చెట్ల రంగులు అద్దించుచున్నారు. లారీ కిరాయికిని దళారికిని పోవలసిన సొమ్ములో కొంత పల్లెలోనే కూలిగా నిలుచును.

ఇంతవరకు మంచి చెప్పితిని. ఇప్పుడు జాగ్రత్త. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలలో నున్నది. చీటీయు ఒక త్రాసే. గాట్స్ అనునది సేంద్రియ వస్త్రములకు లోకమంతట పేరుపొందిన ముద్ర. నూటికి 70 పాళ్లయినను సేంద్రియ నూలు లేనిదే దానిని వేయరాదు. అట్టి సంస్థయే 2020లో మన దేశమునుండి 20,000 టన్నుల పత్తి తప్పుడు పత్రములతో సేంద్రియమని చెలామణి అయినట్లు బయటపెట్టెను. ముద్ర చూచి మోసపోయినవారు కొనువారు మాత్రమే కారు. నిజముగా మందులు లేక పండించిన రైతుకు రావలసిన ధర దొంగకు పోయెను.

దగ్గర తయారైనదంతయు న్యాయమైనదనుటయు పొరపాటు. సిరిసిల్ల మనకు పరాయి ఊరు కాదు. అచ్చటి మరమగ్గముల కార్మికులు 2000 తరువాతి సంవత్సరములలో కూలి చాలక, అప్పులు తీరక అనేకులు ఆత్మహత్య చేసికొనిరి. బట్ట మన నేలమీదనే నేయబడెను. మొఱ్ఱయు మన నేలమీదనుండియే లేచెను. ఎంత దూరమని అడిగిన పిమ్మట, కూలి ఎంత అని కూడ అడుగవలెను.

మరియొక చిక్కు కలదు. చేమగ్గముమీద దినమునకు కొద్ది మీటర్లే సాగును గనుక ఆ బట్ట ప్రియము. చిన్న లేబులువారి అంగీ పట్టణపు ఉద్యోగస్థునికి అందును గాని, పత్తి ఏరిన సహోదరికి అందదు. ఈ సంగతిని ఆ సంస్థలవారు తమ పత్రికలలో అంతగా వ్రాయరు, మనము దాచిపెట్టకూడదు. అంగడిలో చవుక చొక్కా కొని పిల్లవానికి తొడిగిన తల్లిని ఎవరును నిందింపరాదు. యాకోబు తన పత్రికలో గద్దించినది కూలి బిగబట్టిన ధనవంతుని గాని, చిరిగిన బట్ట కట్టిన బీదవానిని కాదు.

అయితే మనవలననైనది కొంత కలదు. మన ఊరి దర్జీ క్రిస్మసునకు ముందు రాత్రులు మేలుకొని కుట్టును. సొమ్ము సంక్రాంతికి ఇత్తుమనువారు మనలో నున్నారు. ద్వితీయోపదేశకాండము 24:15 వారిని గూర్చియే. కుట్టు నేర్చిన మన స్త్రీలకు పని లేకపోలేదు: 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల దుస్తులు కుట్టు పనిని మహిళా సంఘములకు అప్పగించినది. చేనేత కొనువారు 2006లో కేంద్ర ప్రభుత్వము ఏర్పరచిన చేనేత గుర్తు బట్టకు ఉన్నదేమో చూచుకొనవచ్చును.

కూటములలో ఆలోచించుటకు ఒక సంగతి వ్రాయుచున్నాను. అనేక సంఘములలో క్రిస్మసునాడు విధవరాండ్రకు చీరలు పంచుదుము. టోకు దుకాణములో మిక్కిలి చవుకైనవి తెచ్చి, ఎన్ని పంచితిమో లెక్క చదువుదుము. అదే సొమ్ముతో కరీంనగరు ప్రాంతపు చేనేత సహకార సంఘమునుండి తెప్పించి, రవికెలు మన స్త్రీలచేతనే కూలి యిచ్చి కుట్టించినయెడల చీరలు తక్కువగును. మిగిలినవారికి ఏమి చేయవలెను? కానుక కొంచెము హెచ్చింపవచ్చునా, లేక ఒక యేడు కొందరికి, మరు యేడు కొందరికి ఇచ్చుట మంచిదా? విధవరాండ్రను కూడ పిలిచి అడుగుడి. వారిలో కొందరు పత్తి ఏరినవారే. నేతగాండ్లకు రెండు మూడు నెలల ముందుగా చెప్పవలెను గనుక, సంఘపెద్దలు ఈ మాటను సెప్టెంబరు కమిటీలోనే తీసికొనవలెను. డిసెంబరులో తలంచినయెడల మరల టోకు దుకాణమే గతి.