డాప్లర్ గదిలో కూర్చున్న మనవరాలికి

ముప్పాళ్ళ

చిట్టితల్లీ,

గుంటూరు పెద్దాసుపత్రిలో లివరు డాప్లర్లు నీ చేతే చేయిస్తున్నారని ఫోన్లో విన్నప్పటి నుంచీ మీ నాయనమ్మ ఎదురొచ్చినవాళ్ళందరికీ అదే చెబుతోంది. నాకేమో సంతోషం ఒకపక్క, వేళకింత తింటున్నావో లేదోనన్న దిగులు ఒకపక్క.

నేను నరసరావుపేటలో ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఎడమ డొక్క కింద వేళ్ళు పెట్టి, గట్టిగా ఊపిరి తియ్యమని, ప్లీహం దిగి చేతికి తగిలితే ఇది మలేరియానా, లివరా అని తర్జనభర్జన పడేవాళ్ళం. ఇప్పుడు నీకు రక్తం ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో తెర మీదే కనిపిస్తోంది. 1842లో ప్రాగ్‌లో డాప్లర్ మహాశయుడు చుక్కల రంగుల గురించి ఆలోచిస్తూ చెప్పిన సూత్రం మన మిరపచేల కూలీల పొట్టదాకా వచ్చిందంటే ఎంత సంబరంగా ఉంటుందో!

లివరుకి అందే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు పోర్టల్ సిరదే కదా. పరగడుపున సెకనుకు ఇంచుమించు 16 నుంచి 40 సెంటీమీటర్లు సాగాల్సిన ఆ రక్తం సిర్రోసిస్‌లో మందగిస్తుంది, ముదిరితే కొందరిలో వెనక్కే మళ్ళుతుంది. సాగర్ కాలువకి అడ్డం పడితే నీళ్ళు వెనక్కి తన్ని దొరికిన దారిన పడ్డట్టు, అన్నవాహిక చుట్టూ ఉన్న సిరల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. అవి చిట్లితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే తల్లీ, డాప్లర్ కోణం 60 డిగ్రీలు దాటనివ్వకు, తొందరపడకు, ఊపిరి బిగబట్టించి ఇంకోసారి చూసి అప్పుడు రాయి.

తింటే ఆ ప్రవాహం పెరుగుతుంది గనక పరగడుపున రమ్మంటాం, నిజమే. కానీ మన ఊళ్ళవాళ్ళు తెల్లారకుండా లేచి, సత్తెనపల్లిలో బస్సు మారి, మంచినీళ్ళు తాగొచ్చో లేదో అడగడానికి కూడా జంకుతూ కూర్చుంటారు. షుగరున్నవాళ్ళనీ ముసలివాళ్ళనీ ముందు పిలువు. జెల్లు చల్లగా తగులుతుందని ముందే చెప్పు. తెర మీద నీలం కనపడగానే చెడ్డరక్తమని హడలిపోతారు. ఎరుపు ప్రోబు వైపు వచ్చేది, నీలం దూరంగా పోయేది, అంతేనని ఒక్క మాట చెబితే కుదుటపడతారు.

తాగుతావా అని పదిమందిలో గద్దించకు. హెపటైటిస్ బి, సి వల్లా, షుగరుతో పట్టే కొవ్వు వల్లా చుక్క ముట్టనివాళ్ళకీ లివరు చెడుతుంది. తాగినవాడైనా నీ దగ్గరికి వచ్చింది తిట్లు తినడానికి కాదుగా. నీకు ఇదంతా నేర్పక్కర్లేదని తెలుసు. చిన్నప్పుడు కల్లంలో మిరపకాయలు ఏరే పెద్దమ్మ చేతులు మండుతున్నాయంటే, ఎవరూ చెప్పకుండానే చెంబుడు మజ్జిగ తెచ్చి ఆమె అరచేతుల మీద పోసినదానివి, ఆ చేతులే కదా ఇప్పుడు ప్రోబు పట్టుకున్నవి.

వాళ్ళతో పాటు నువ్వూ మధ్యాహ్నందాకా పరగడుపున ఉండకు. గోంగూర పచ్చడి, కందిపొడి పంపుతున్నాం, నీ గదిలో పిల్లలకీ పెట్టు.

ఆశీస్సులతో,
తాతయ్య