హెడర్ బిగిస్తే పాత కారు పరుగందుకుంటుందా?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: నాది 2006 ఎస్టీమ్. ఏసీ వేసుకుని ద్వారకా తిరుమల కొండ ఎక్కాలంటే ఈడుస్తోంది. మేనిఫోల్డ్ తీయించి 4-2-1 హెడర్ వేయిస్తే పికప్ వస్తుందని మా కుర్రాళ్లు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: సగం నిజం. మీ ఇంజిన్‌లో సిలిండర్లు 1-3-4-2 వరసలో మండుతాయి. కంపెనీ ఇచ్చిన పోత ఇనుప మేనిఫోల్డ్‌లో నాలుగు పొగ దారులూ పొట్టిగా వచ్చి కలిసిపోతాయి కాబట్టి ఒక సిలిండర్ పొగ ఇంకోదానికి అడ్డొస్తుంది. హెడర్‌లో దేని పైపు దానిదే. 4-2-1 రకంలో ముందు 1, 4 ఒక జతగా, 2, 3 ఒక జతగా కలిసి, ఆ రెండూ తర్వాత ఒకటవుతాయి. వేగంగా వెళ్లే పొగ వెనకాల పీడనం పడిపోయి, జతలోని సిలిండర్‌లో మిగిలిన పొగను కూడా లాగేస్తుంది. దాంతో మధ్యస్థ ఆర్‌పీఎంలో బండి కాస్త హుషారవుతుంది. నాలుగూ ఒకేచోట కలిసే 4-1 రకం ఇంకా పై ఆర్‌పీఎంలో పనిచేస్తుంది. భీమడోలు సెంటర్లో అక్కడిదాకా ఎవరు తొక్కగలరు?

ఇక మిగతా సగం. ఎస్టీమ్ ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ 1298 సీసీ, కొత్తలో 85 హార్స్‌పవర్. ఇన్నేళ్లు తిరిగాక అందులో ఎంత మిగిలిందో ముందు చూడాలి. ద్వారకా తిరుమల చిన వెంకన్న కొండ ఎత్తెంత? ఆమాత్రానికే ఈడుస్తోందంటే లోపం పొగ గొట్టంలో కంటే ఇంకెక్కడో ఉండే అవకాశమే ఎక్కువ. కంప్రెషన్ చూపించండి. క్లచ్ జారుతోందేమో, కాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోయిందేమో కనుక్కోండి. అన్నీ బాగున్న బండికి హెడర్ ఒక్కటే వేస్తే నాలుగైదు హార్స్‌పవర్ పెరగడమే గొప్ప. అదీ తక్కువ ఆర్‌పీఎంలో కొండెక్కేటప్పుడు అక్కరకు రాదు. ఆ డబ్బు క్లచ్ ప్లేటుకో, ప్లగ్గులకో పెట్టండి.

ప్రశ్న: పాత హోండా సిటీకి హెడర్ వేయించాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముందు వైపు టిక్ టిక్‌మంటోంది, వేడెక్కాక తగ్గుతోంది. మైలేజీ కూడా పడిపోయింది. వాల్వ్ సెట్టింగ్ చేయించమంటున్నారు.
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: వాల్వుల జోలికి వెళ్లేముందు గాస్కెట్ చూపించండి. హెడ్డుకీ హెడర్ ఫ్లాంజికీ మధ్య సందుంటే చల్లగా ఉన్నప్పుడు పొగ అందులోంచి కొడుతుంది. లోహం వేడికి సాగి సందు మూసుకోగానే శబ్దం ఆగుతుంది. మైలేజీ సంగతి కూడా ఇక్కడే తేలొచ్చు. ప్రతి పొగ తోపు వెనకా పీడనం తగ్గినప్పుడు ఆ సందులోంచే బయటి గాలి లోపలికి పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు చాలడం లేదనుకుంటుంది, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ఇంకాస్త పోస్తుంది. ప్లగ్గులు తీయండి, మసి పట్టి ఉంటే లెక్క సరిపోయినట్టే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫ్లాంజి చుట్టూ సబ్బు నీళ్లు చల్లి స్టార్ట్ చేయండి. నురగ ఎక్కడ ఎగురుతుందో అక్కడే లీకు. దొరికింది కదా అని నట్లు బలంగా బిగించేయకండి. నాసిరకం హెడర్లలో వెల్డింగ్ వేడికి ఫ్లాంజి వంకరపోతుంది. దాన్ని విప్పి, మీద స్కేలు అంచు నిలబెట్టి చూస్తే వెలుతురు కనిపిస్తుంది. లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్ వేసి, మధ్య నట్లతో మొదలుపెట్టి అంచులకు వెళ్తూ రెండు మూడు దఫాలుగా బిగించాలి. కొన్నాళ్లు తిరిగాక, చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూసుకోవాలి. విప్పే ముందురోజు రాత్రే స్టడ్లకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచమనండి. అల్యూమినియం హెడ్డులో స్టడ్డు విరిగితే హెడరు ఖరీదు కంటే దాన్ని తీయించే ఖర్చే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

ఈ లీకు తీరేదాకా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ప్రయాణాలు పెట్టుకోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఇంజిన్ వైపు రబ్బరు బిరడాలు ఊడిన పాత కార్లలో అది క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. వెనక సీట్లో పిల్లలు తలనొప్పి, మగత అంటే వెంటనే బండి ఆపి తలుపులు తీయండి.

ప్రశ్న: హెడర్‌కు వేడి ఆపే గుడ్డ చుట్టించమంటారా?
- ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: మీ ఊళ్లో వద్దు. చేపల లారీల నుంచి ఐసు నీళ్లు కారే రోడ్లు మీవి. ఆ గుడ్డ తడి పీల్చుకుని లోపల మామూలు ఇనుప పైపును తినేస్తుంది. గుడ్డ చుట్టించి తీరాలంటే 304 రకం స్టెయిన్‌లెస్ పైపు, ఆర్గాన్ వెల్డింగ్‌తో చేసిన హెడర్ చూడండి. కొల్లేరు పొంగి ఏలూరు రోడ్డు మీదికి వచ్చినప్పుడు కాలుతున్న పైపుతో నీళ్లలో దిగితే వెల్డింగు దగ్గర పగులుతుంది. హెడర్లు కిందికి వేలాడతాయి కాబట్టి స్పీడ్ బ్రేకర్ల దగ్గరా జాగ్రత్త.

ప్రశ్న: హెడర్ వేస్తే పోలీసులు పట్టుకుంటారా?
- ఒక పాఠకుడు, ద్వారకా తిరుమల

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. హెడర్ ఆర్సీలో రాసేది కాదు కదా అని వాదించేవాళ్లున్నారు. శబ్దం, పొగ హద్దు దాటితే ఆ వాదన నిలవదు. 190(2) సెక్షన్ కింద మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కార్ల పొగలో ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం మించకూడదు. హెడర్‌తో పాటు కన్వర్టర్‌ను గుల్ల చేయించిన బండి ఈ పరీక్ష గట్టెక్కడం కష్టం. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, అక్కడా బండిని చూస్తారు. కాబట్టి ఎవరేం చెప్పినా కన్వర్టర్, సైలెన్సర్ కదిలించకండి. విప్పిన పాత మేనిఫోల్డునూ, దాని హీట్ షీల్డునూ తుక్కు కింద అమ్మేయకండి. ఈ పాత మోడళ్లకు అవి మళ్లీ దొరకడం కష్టం.