కప్పు పోటీ – ప్రేక్షక ధర్మం

కావ్యానికి కవి ఎంత అవసరమో సహృదయుడైన పాఠకుడూ అంతే అవసరమని మన ఆలంకారికులు చెప్పినారు. భరతుని నాట్యశాస్త్రం నటుని గుణాలతో తృప్తిపడక ప్రేక్షకుని లక్షణాలను సైతం పేర్కొన్నది. చూడడం కూడా ఒక విద్యయే అన్నది ఆ పెద్దల భావం. తరగతిలో ఈ విషయాన్ని పలుమార్లు బోధించిన నేను, దాని అర్థాన్ని ఒక ఫుట్‌బాల్ మైదానపు అంచున నిలబడి నేర్చుకోవలసి వచ్చింది. ఆ అనుభవాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫుట్‌బాల్ పోటీలు ముఖ్యంగా రెండు విధాలు. లీగు పద్ధతిలో ప్రతి జట్టూ తక్కిన జట్లన్నింటితోనూ ఆడుతుంది. ఈ వారం ఓడినవారు వచ్చే వారం కోలుకోవచ్చు. కప్పు పోటీలో ఓడిన జట్టు అంతటితో నిష్క్రమించవలసిందే. పదహారు జట్లు ఒకదానితో ఒకటి ఒక్కొక్కసారి తలపడే లీగుకు 120 ఆటలు కావాలి; అవే జట్ల కప్పు పోటీ 15 ఆటలతో ముగుస్తుంది. సొంత మైదానం గాని, ధనబలం గాని లేని బస్తీ జట్లకు, లీగులో చోటు దొరకని చిన్న సంఘాలకు కప్పు పోటీయే ఆధారం కావడానికి కారణమిదే. చరిత్రలోనూ కప్పే పెద్దది. ఇంగ్లండులో ఎఫ్.ఏ. కప్పు 1871-72లో ఆరంభం కాగా, ఫుట్‌బాల్ లీగు 1888లో గాని పుట్టలేదు. మన దేశంలో డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలోను, రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలోను మొదలైనవి.

ఒక శీతకాలపు ఆదివారం సాయంత్రం, హైదరాబాదులోని ఒక బస్తీ మైదానంలో అటువంటి కప్పు పోటీ సెమీఫైనల్‌కు వెళ్లినాను. నా విద్యార్థి ఒకడు "సార్, మీరు తప్పక రావాలి" అని కోరడమే కారణం. టిక్కెట్టు లేదు, గ్యాలరీ లేదు. సున్నంతో గీసిన గీతలు, ముళ్లు వేసి సరిచేసిన పాత వల, గీత వెంబడి రెండు వరుసలుగా నిలబడిన జనం. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు, ఒక గోలు వెనుకబడి ఉన్న మా విద్యార్థి జట్టుకు అవకాశం చిక్కింది. మైదానం నడుమ నుంచి వచ్చిన పొడవైన పాసును అందుకొని అతడు బంతిని వలలో వేసినాడు. అప్పటికే లైన్స్‌మన్ జెండా లేచి ఉన్నది. రెఫరీ ఈల వేసి ఆఫ్‌సైడ్ అన్నాడు.

బంతి అతని కాలికి అందినపుడు, గోల్‌కీపరు గాక మరొక రక్షకుడు కూడా అతనికంటె గోలుకు దగ్గరగా ఉండడం నేను కళ్లారా చూచినాను. చుట్టూ ఉన్నవారితో కలిసి నేనూ "అన్యాయం" అని గట్టిగా అరచినాను. కొందరు అంతకంటె కఠినమైన మాటలే అన్నారు. జెండా పట్టిన యువకుడు మా విద్యార్థుల వయసువాడే. అతడు మావైపు చూడలేదు గాని, అతని చేయి వణకడం నాకు కనిపించింది.

పిల్లలు నన్ను పలకరించడం విన్నారేమో, నా పక్కన నిలబడిన ఒక వృద్ధుడు "మాస్టర్ సాబ్, మీరు బంతిని చూశారు. అతను గీతను చూశాడు" అన్నారు. నాకు బోధపడలేదు. "బంతి అందినప్పుడు కాదు సాబ్, తన్నినప్పుడు పిల్లవాడు ఎక్కడున్నాడు?" అని మళ్లీ అడిగినారు. నా వద్ద సమాధానం లేదు.

నియమం నిజంగా అదే. ప్రతిపక్షపు సగభాగంలో ఉన్న ఆటగాడు, తన జట్టువాడు బంతిని తన్నిన క్షణాన, బంతికంటెను, ప్రతిపక్షంలో చివరినుంచి రెండవవానికంటెను గోలు గీతకు దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్లు. సమానంగా ఉంటే దోషం లేదు. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్‌ల నుంచి నేరుగా బంతి అందుకుంటే ఈ దోషం వర్తించదు. బంతి గాలిలో ప్రయాణించే ఆ రెండు మూడు లిప్తలలో రక్షకుడు వెనుకకు పరుగెత్తి ఉండవచ్చు. అది లెక్కకు రాదు. బంతి వెంట కళ్లు పరుగెత్తించిన ప్రేక్షకునికి తీర్పు తప్పుగానే తోస్తుంది. సహృదయునికి కూడా వ్యుత్పత్తి కావాలని మనవారు చెప్పినదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ వృద్ధుడు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆటను చిన్నతనంలో గీత పక్కన నిలిచి చూచినవారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచింది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చినవారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం పొందింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను, వాటంలేని కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన స్థానికంగా నడిపించినారు. ఒలింపిక్ విద్యకు పునాది ఇటువంటి చిన్న పోటీలలోనే పడిందని దీనివలన గ్రహించవచ్చు.

మా విద్యార్థి జట్టు ఆ రోజు ఓడిపోయింది. సోమవారం అతడే నా వద్దకు వచ్చి, "సార్, అది గోల్ కాదు. పాస్ కొట్టినప్పుడే నేను ముందున్నాను" అన్నాడు. మరి అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగినాను. "చెప్పాను సార్. జనం అరుపుల్లో ఎవరికీ వినపడలేదు" అన్నాడు. ఆ అరుపులలో నా గొంతు కూడా ఉన్నదన్న సంగతి అతనికి తెలుసో లేదో నేను అడగలేదు.

విద్యార్థి మిత్రులారా! అర్ధరాత్రి మేలుకొని ఐరోపా జట్ల ఆటలు చూచేవారు మీలో చాలామంది ఉన్నారు. అది తప్పు కాదు. కాని, పక్క బెంచీలో కూర్చున్నవాని ఆటను ఎందరు చూచినారు? ఒక ఆదివారం వెళ్లండి. నియమాలు తెలుసుకొని వెళ్లండి. ఎదుటి జట్టు మంచి ఆటకు కూడా చప్పట్లు కొట్టండి. కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం: వచ్చే తరగతుల మధ్య పోటీలకు ముందు ఆట నియమాలపై ఒక పాఠం ఏర్పాటు చేసి, జెండా పట్టే బాధ్యతను విద్యార్థులకే వంతులవారీగా అప్పగించవలసిందిగా కోరుతున్నాను. ఒక్కసారి జెండా పట్టినవాడు మరొకసారి తొందరపడి అరవడు. ఆ పాఠానికి మొదటి వరుసలో నేనూ కూర్చుంటాను. పేరు తెలియని ఆ లైన్స్‌మన్‌కు ఆనాడు చెప్పుకోలేకపోయిన క్షమాపణ ఇదే.