ఊసరవెల్లికీ ఒక ఊరి రంగు

బెల్లంపల్లిలో బడి వదిలాక పిల్లలు తంగేడు పొద చుట్టూ చేరి, "ఊసరవెల్లి! ఊసరవెల్లి!" అంటూ రాళ్లు ఏరుతుంటారు. కాని చాలాసార్లు ఆ పొదమీద ఉండేది ఊసరవెల్లి కాదు, తొండ. జతకట్టే రోజుల్లో మగతొండ తల, మెడ ఎర్రబడతాయి. అది చూసి దానికి మనం మరొకరి పేరు పెట్టేస్తాం.

అసలు ఊసరవెల్లిని గుర్తుపట్టాలంటే ముందు దాని కాళ్లు చూడండి. ప్రతి కాలికీ ఉన్న అయిదు వేళ్లూ రెండు, మూడు చొప్పున రెండు కట్టలుగా అతుక్కుని ఉంటాయి. వాటితో అది కొమ్మను పటకారులా పట్టుకుంటుంది. రెండు కళ్లూ దేనికదే వేరువేరు దిక్కులకు తిరుగుతాయి. తోకను చుట్ట చుట్టగలదు. నాలుకను శరీరంకన్నా పొడవుగా విసిరి పురుగును పట్టగలదు.

రంగు ఎలా మారుతుంది?

ఏ కొమ్మమీద కూర్చుంటే ఆ కొమ్మ రంగు వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వేడి, చలి, వెలుతురు, భయం, కోపం, ఎదుట నిలిచిన మరో ఊసరవెల్లి, వీటిని బట్టి రంగు మారుతుంది.

స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2015లో మడగాస్కర్ ద్వీపపు పాంథర్ ఊసరవెల్లి చర్మాన్ని పరిశీలించారు. చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మమైన స్ఫటికాలు వరుసలు తీరి ఉన్నాయి. ప్రాణి నెమ్మదిగా ఉన్నప్పుడు స్ఫటికాలు దగ్గరగా ఉండి నీలికాంతిని తిప్పికొడతాయి. దానికి చర్మంలోని పసుపు వర్ణకం తోడై మనకు ఆకుపచ్చ కనిపిస్తుంది. మగది పోరుకు దిగినప్పుడు స్ఫటికాల మధ్య ఎడం పెరుగుతుంది. అప్పుడు ఆకుపచ్చ కాస్తా పసుపుకూ నారింజకూ తిరుగుతుంది. గ్వానిన్ పేరు ఎక్కడో విన్నట్టుందా? డి.ఎన్.ఎ.లోని నాలుగు క్షారాల్లో అదీ ఒకటి!

నిమిషాల రంగు, వంశం రంగు

నిమిషాల్లో వచ్చిపోయే రంగు ఒకటి. ఎన్ని మార్పులు వచ్చినా దాటిపోలేని హద్దు మరొకటి. ఆ హద్దును గీసేవి జన్యువులు.

పాంథర్ ఊసరవెల్లుల మగవాటినే తీసుకుందాం. నోసీ బే దీవిలోనివి నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటాయి. అంబిలోబే ప్రాంతంలోని వాటికి ఒంటిమీద ఎరుపు, నీలం పట్టీలు ఉంటాయి. తూర్పు తీరాన టమటావ్ వైపు వాటిలో ఎరుపు ఎక్కువ. అంటే మగదాన్ని చూసి దాని ఊరు చెప్పవచ్చు. ఆడవి మాత్రం ఏ ఊరివైనా దాదాపు ఒక్కలాగే, మట్టిరంగులోనో వెలిసిన నారింజ రంగులోనో ఉంటాయి.

తల్లి దాచిన రంగు

అమెరికా, ఐరోపా దేశాల్లో కొందరు ఈ ఊసరవెల్లులను ఇళ్లలో పెంచి పిల్లలు చేయిస్తారు. చిక్కు అక్కడే వస్తుంది. పిల్లకు జన్యువుల్లో సగం తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వస్తాయి. తల్లి ఒంటిమీద రంగు కనిపించనంత మాత్రాన ఆమె దగ్గర రంగు జన్యువులు లేవనుకోకూడదు.

మన పాడిపశువులను చూడండి. ఆంబోతు పాలివ్వదు. అయినా మంచి పాడి కావలసిన రైతు ఆంబోతు తల్లి ఎన్ని పాలిచ్చేదో అడుగుతాడు. పాల లక్షణం ఆంబోతులో బయటపడదు గాని, దాని కూతుళ్లకు చేరుతుంది. ఆడ ఊసరవెల్లి సంగతీ అంతే. తన రంగును ఒంటిమీద చూపకుండా కొడుకులకు అందిస్తుంది.

ఊరు తెలియని ఆడదాన్ని తెచ్చి జతకట్టిస్తే పుట్టేవి సంకరాలు. మెండెల్ బఠాణీల్లో పొడుగు, పొట్టి అని రెండే రకాలు కనుక రెండో తరంలో అవి 3:1 నిష్పత్తిలో విడిపోయాయి. పట్టీలు, మచ్చలు, ఒంటిరంగు కలిసిన ఇలాంటి లక్షణాల వెనుక సాధారణంగా అనేక జన్యువులు ఉంటాయి. ఒకసారి కలిశాక మళ్లీ అంత శుభ్రంగా విడిపోవు.

ఒక జాతా, పదకొండా?

అదే జెనీవా బృందం, మడగాస్కర్ శాస్త్రజ్ఞులతో కలిసి, 324 పాంథర్ ఊసరవెల్లుల నుంచి ఒక్కొక్క చుక్క రక్తం తీసి డి.ఎన్.ఎ. పరీక్షించింది. ఏ ప్రాంతపువి ఆ ప్రాంతపు గుంపుగానే తేలాయి. గుంపుల మధ్య జన్యువుల రాకపోకలు చాలా తక్కువ. ఒక జాతి అనుకున్నది పదకొండు జాతులు కావచ్చునని వారు 2015లో ప్రకటించారు.

ఒకటైతే ఏమి, పదకొండైతే ఏమి అంటారా? జాతి ఒక్కటే అయితే దాని నివాసం విశాలం, కాబట్టి భయం లేదనుకుంటాం. పదకొండు అయితే ఒక్కొక్కదానిదీ చిన్న చోటు. అక్కడి అడవి నరికితే ఆ రంగు లోకంలో మరెక్కడా మిగలదు.

మన ఊసరవెల్లి

మన దేశపు ఊసరవెల్లికి లారెంటి అనే శాస్త్రజ్ఞుడు 1768లో పేరు పెట్టాడు. శాస్త్రీయ నామం కెమీలియో జైలానికస్. ఇది భారతదేశంలోనూ శ్రీలంక, పాకిస్థానుల్లోనూ ఉంది. బెల్లంపల్లి బొగ్గు ఏర్పడిన కాలంలో, అంటే సుమారు 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం, భారతదేశం, మడగాస్కర్, ఆఫ్రికా ఒకే గోండ్వానా ఖండంలో ఉండేవి. అందుచేత మన ఊసరవెల్లికి మడగాస్కర్‌వి దగ్గరి చుట్టాలని తోస్తుంది. కాని అప్పటికి ఊసరవెల్లులే పుట్టలేదు! అవి సుమారు 9 కోట్ల సంవత్సరాల క్రితం ఆఫ్రికాలో పుట్టాయని 2013లో వెలువడిన డి.ఎన్.ఎ. పరిశోధన చెబుతోంది. మనదానికి దగ్గరి బంధువులు అరేబియా, ఆఫ్రికాలలో ఉన్నాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. రోడ్డు దాటుతుంటే అది వెళ్లే వైపు పొదలోకే చేరనివ్వండి. గాయపడితే అటవీశాఖ వారికి చెప్పండి. దయతోనైనా సరే, దూరపు అడవికి తీసుకెళ్లి వదలకండి. ఏ ఊరి రంగు ఆ ఊరిలోనే ఉండాలని మడగాస్కర్ పాఠం. ఇక రాయి అంటారా? అది తొండమీదకు విసిరినా తప్పే.

ఆలోచించండి

1. ఆడ పాంథర్ ఊసరవెల్లిని చూసి దాని ఊరు చెప్పలేం. మరి ఎలా తెలుసుకోవచ్చు?
2. తండ్రిలో బయటపడకుండా కూతురికి చేరే లక్షణం పాలు కాక మరొకటి చెప్పగలరా?
3. మీ ఇంటి దగ్గర తొండను వారంపాటు గమనించండి. ఉదయం, మధ్యాహ్నం దాని రంగు రాసుకోండి. ఎండకూ రంగుకూ సంబంధం కనిపించిందా?