పెరట్లో ఏ పూలమొక్క వేద్దాం?

మన పెద్దాపురంలో చాలా పెరళ్ళలో గన్నేరు కనబడుతుంది. ఎందుకు వేస్తాం? మేక ముట్టదు. నీళ్ళు పెద్దగా అడగదు. ఏడాది పొడుగునా పూస్తుంది. పూజకి పనికొస్తుంది. మనది మెట్ట ప్రాంతం. ఎండాకాలం బిందె నీళ్ళకి తిరిగేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ అక్కా, గన్నేరు విషం. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయ మరీ ప్రమాదం. ఆ కాయలో గట్టి గింజ ఉంటుంది. పిల్లలు దాంతో ఆడుకుంటారు. పగలగొట్టి పప్పు తింటే గుండె దెబ్బతింటుంది. ప్రాణం పోవచ్చు.

పిల్లాడు తిన్నాడని అనుమానం వచ్చినా చాలు, ఆగకండి. ఉప్పు నీళ్ళు, చింతపండు నీళ్ళు తాగిస్తూ కూర్చోకండి. 108కి ఫోను చెయ్యండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఏం తిన్నాడో డాక్టరుగారికి చెప్పండి.

“మేక ముట్టదు కదా?” అంటారు. పచ్చి కొమ్మని ముట్టదు. నరికి పారేసిన కొమ్మలు ఎండితే తింటుంది. తింటే చచ్చిపోతుంది. అందుకని చెట్టు తీసేస్తే కొమ్మలన్నీ గోతిలో పూడ్చాలి. పొయ్యిలో పెట్టకూడదు. ఆ పొగ కూడా చెడ్డది. నరికేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి.

మరి ఏం వేద్దాం?

మందారం వేసుకోవచ్చు. పిల్లలతో భయం లేదు. అయితే మేకకి మందారం ఆకంటే మహా ఇష్టం. చుట్టూ దడి కట్టాలి. దడి కట్టే ఓపిక లేకపోతే ఈ మొక్క జోలికి పోవద్దు. కొమ్మలకి తెల్లగా పిండినల్లి పడితే, ఆ కొమ్మ తుంచెయ్యండి. వేపనూనె నీళ్ళలో కలిపి చల్లండి.

ఎండ బాగా తగిలే చోటుంటే మల్లె వెయ్యండి. డిసెంబరులో నీళ్ళు తగ్గించాలి. జనవరిలో కొమ్మలు కత్తిరించి, పశువుల ఎరువు వేసి, నీళ్ళు పెట్టాలి. వేసవికి మొగ్గ విరగబూస్తుంది. మూర పూలు కొనే డబ్బు మిగులుతుంది. గోడ నీడ పడే చోట మల్లె పూయదు. అక్కడ కనకాంబరం నయం. వాసన లేదు గానీ తొందరగా వాడదు.

మొక్క కొనాలా? రాజమండ్రి దగ్గర కడియంలో రోడ్డు పొడుగునా నర్సరీలే. కానీ మందారానికి, మల్లెకి డబ్బెందుకు? పక్కింటి వదినని కొమ్మ అడగండి. మరిడమ్మ తల్లి జాతర ఆషాఢంలో కదా. వానలు పడే ఆ రోజుల్లో కొమ్మ బాగా నాటుకుంటుంది. జానెడు కొమ్మ తీసుకోండి. కింది ఆకులు తుంచండి. రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చండి.

కొన్న మొక్క అయితే నల్ల సంచి కోసి తియ్యండి. మట్టి ముద్ద విడిపోకూడదు. సాయంత్రం పూట నాటండి.

రాయండి: మీ పెరట్లో ఉన్న మొక్కల పేర్లు రాయండి. పిల్లలకి ప్రమాదమైన పేరు కింద గీత గియ్యండి.